చ్వాన్‌జౌ రేవులో గురువుగారి బాకీ: సిరిపురం మేడ మీద ఆడిన చైనా యోధుల ఆట

కత్తి ఎత్తగలిగీ ఎత్తకూడని మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చేయాలి? విశాఖలో సిరిపురం దగ్గర ఒక కెఫే మేడ మీద ఆదివారం మధ్యాహ్నాలు నడిచిన ఈ ఆట మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. చైనా పురాణాలు, అక్కడి యుద్ధవిద్యల కథలు కలిపి అల్లిన టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ కాంపెయిన్ ఇది. వానాకాలంలో మొదలై సంక్రాంతికి ముందు ముగిసింది. మొదటి నుంచి చివరి దాకా ఆడాను. త్వరలో కొత్త జట్టుతో మళ్లీ మొదలుపెడుతున్నారని తెలిసింది కాబట్టి, వెళ్లాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: వెళ్లండి. లోపాలున్నాయి, అవీ చెబుతాను.

ఈ రకం ఆట ఎప్పుడూ ఆడనివాళ్లకు రెండు మాటలు. 1974లో అమెరికాలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పటి నుంచి ఈ పద్ధతి ఉంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో నోటితోనే చెబుతారు. అవుతుందో లేదో తెలియని చోట పాచికలు వేస్తారు. ఒకరు గెలవడం, ఇంకొకరు ఓడడం ఉండదు. కథ ఎక్కడ తేలుతుందో నడిపేవాళ్లకూ పూర్తిగా తెలియదు. అవే పాత్రలతో అదే కథను వారం వారం పొడిగించుకుంటూ పోతే దాన్ని కాంపెయిన్ అంటారు.

మా ఆట నడిపినాయన్ని అందరం మాస్టారూ అనే పిలిచాం. చైనాలో వూషియా అని ఒక కథల సంప్రదాయం ఉంది. ఏ రాజు కొలువులోనూ లేకుండా, తమ నీతికి తామే కట్టుబడి తిరిగే యోధుల కథలవి. మూలాలు పాతవే అయినా, 1950ల్లో హాంకాంగ్ దినపత్రికల్లో సీరియళ్లుగా వచ్చి జనం నోళ్లలో నానాయి. ఆ యోధులు తిరిగే లోకాన్ని జియాంఘు అంటారు. అక్కడ అధికారి ఆజ్ఞ కన్నా గురువు మాట పెద్దది. పైకప్పుల మీద పరుగెత్తడం, వేలితో మర్మస్థానం నొక్కి మనిషిని కొయ్యబారేలా చేయడం సినిమాల్లో చూసే ఉంటారు. కాంతారావు కత్తియుద్ధాలు చూసి పెరిగిన ఇళ్లకు ఇవి పెద్ద వింతలు కావు. ఆ కథల అసలు బలం విన్యాసాల్లో లేదని మాస్టారికి బాగా తెలుసు. ఆటంతా బంధాల మీద, బాకీల మీద కట్టారు.

కథ జరిగేది ఫూజియాన్ తీరంలోని చ్వాన్‌జౌ అనే రేవు పట్నంలో, మింగ్ వంశపు చక్రవర్తుల కాలంలో, 1550ల్లో. ఈ ఎంపిక దగ్గరే నాకు ఆయన మీద గురి కుదిరింది. చైనా అనగానే మంచు కొండ, దాని మీద మఠం, మఠంలో తెల్లగడ్డం గురువు అని మొదలుపెట్టడం తేలిక. ఆయన సరుకు దింపే రేవులో మొదలుపెట్టారు. అప్పట్లో మింగ్ ప్రభుత్వం ప్రైవేటు సముద్ర వ్యాపారాన్ని నిషేధించింది. 1567లో గానీ ఆ పట్టు సడలలేదు. తరతరాలుగా సముద్రం మీదే బతికినవాళ్లు ఒక్క శాసనంతో దొంగ వ్యాపారులైపోయారు. తీరం మీద పడి దోచుకునే ముఠాలను జపాన్ దొంగలు అనేవారు, కానీ వాళ్లలో చాలామంది చైనావాళ్లే. 1553లో షావోలిన్ భిక్షువులు కర్రలు పట్టి ఆ ముఠాలతో పోరాడారన్నది చరిత్రలో ఉన్నదే. ఉత్తరాన చి జిగ్వాంగ్ అనే సేనాని రైతులకూ గని కూలీలకూ శిక్షణ ఇచ్చి సైన్యం కడుతున్నాడన్న కబురు మా కథలో టీ దుకాణాల్లో వినిపిస్తుంటుంది. ఇంత గందరగోళంలో ఎవరు దొంగ, ఎవరు కాదు అనేది ఎవరూ తేల్చి చెప్పలేరు. అదే కథకు ఇంధనం.

మా జట్టులో ఒకాయన పోర్టులో పనిచేస్తారు, సొంతూరు శ్రీకాకుళం వైపు. సరుకు దింపే సన్నివేశం వచ్చినప్పుడు ఆయన పాత్ర కూలీల మేస్త్రీతో బేరానికి దిగింది. వాన పడితే మూటకు ఎంత ఎక్కువ, రాత్రి దింపితే ఎంత, తడిసిన సరుకు బాధ్యత ఎవరిది అని ఒక్కొక్కటే అడుగుతుంటే మాస్టారు తన కాగితాలు పక్కన పెట్టి శ్రద్ధగా జవాబిచ్చారు. చైనా రేవు గురించి మాలో ఎవరికీ పెద్దగా తెలియదు. రేవు ఊరంటే ఎలా ఉంటుందో మాత్రం అందరికీ తెలుసు. మాస్టారు ఆ తెలివిడిని వాడుకున్నారు.

నేనుండేది ఉక్కునగరంలో. స్టీల్ ప్లాంట్ ల్యాబ్‌లో లోహం నమూనాలు పరీక్షించడం నా పని. పాత్ర ఎంచుకునే రోజున ఆ సంగతి చెబితే మాస్టారు ఒక్క నిమిషం ఆలోచించి, "చ్వాన్‌జౌకు ఎగువన ఆన్‌శి కొండల్లో ఛింగ్‌యాంగ్ అనే ఊరుందండీ. మింగ్‌కు ముందు సోంగ్, యువాన్ వంశాల కాలాల్లోనే అక్కడ ఇనుము తీసేవారు. మీరు ఆ ఊరి కమ్మరి బిడ్డ అవుతారా?" అని అడిగారు. ఆ ఊళ్లో ఇనుము తీసిన చోటు నిజంగానే ఉంది. 2021లో యునెస్కో చ్వాన్‌జౌకు వారసత్వ గుర్తింపు ఇచ్చినప్పుడు లెక్కలోకి తీసుకున్న 22 స్థలాల్లో అదీ ఒకటి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్న ప్లాంట్ నుంచి వచ్చినదాన్ని, ఇంతకన్నా నాకు తగిన పాత్ర ఎవరూ ఇవ్వలేరు.

ఆయన పనితనం చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఒక సన్నివేశంలో, కొలిమిలోంచి కారిన ఇనుమును అచ్చులో పోసి కత్తి చేశారని చెప్పారు. అలాంటి కత్తి మొదటి దెబ్బకే రెండు ముక్కలవుతుంది. ఫర్నేసులోంచి వచ్చే ఇనుములో కార్బన్ 4 శాతం దాకా ఉంటుంది కాబట్టి అది పెళుసు. ఆ ద్రవాన్ని కలియబెట్టి, గాలి తగిలించి కార్బన్ తగ్గిస్తేనే సాగే గుణం వస్తుంది. చైనావాళ్లకు ఈ విద్య రెండు వేల ఏళ్ల కిందటే తెలుసు. ఈ మాట నేను అనగానే మాస్టారు వాదించలేదు, సర్దిచెప్పనూ లేదు. "అయితే అమ్మినవాడు మోసం చేశాడన్నమాట. ఈ కత్తి చూడగానే ఆ సంగతి పట్టగలిగేది ఇక్కడ మీ పాత్ర ఒక్కటే. ఏం చేస్తారు?" అన్నారు. అక్కణ్నుంచి తీరం కాపలా సైనికులకు పెళుసు కత్తులు అంటగడుతున్న వ్యాపారి కథ పుట్టుకొచ్చి వారాల తరబడి నడిచింది. ఆటగాళ్లు తెచ్చినదాన్ని కథలోకి తీసుకోవడం ఈ ఆట నడిపేవాళ్లకు ఉండాల్సిన మొదటి గుణం. ఆయన దగ్గర అది నిండుగా ఉంది.

నియమాల ఎముకలు హార్ట్స్ ఆఫ్ వులిన్ అనే ఆటవి. మాస్టారు వాటిని తెలుగులో రాసుకుని, అక్కడక్కడా మార్చుకున్నారు. ప్రతి పాత్రకూ ఐదు అంకెలుంటాయి, చైనావాళ్ల ఐదు తత్త్వాల పేర్లతో: చెట్టు, నిప్పు, మన్ను, లోహం, నీరు. మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, చేయబోయే పనికి తగిన తత్త్వం అంకె కలపాలి. 10 గానీ ఆపైన గానీ వస్తే అనుకున్నది అవుతుంది. 7 నుంచి 9 వస్తే అవుతుంది గానీ వెల చెల్లించాలి. 6 దాటకపోతే పగ్గాలు మాస్టారి చేతికి పోతాయి. లెక్క వేసి చూడండి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. ఏమీ కలపకపోతే అందులో 6 రకాలు మాత్రమే పూర్తి విజయం. +2 ఉన్న పాత్రకైనా అది 36లో 15. అంటే ఎంత గొప్ప యోధుడైనా చాలాసార్లు ఏదో ఒకటి పోగొట్టుకుంటేనే ముందడుగు. ఈ కథలకు కావలసిన లెక్క సరిగ్గా ఇదే.

పాత్ర కాగితం మీద ఆయుధాల జాబితా కన్నా పైన, పెద్ద అక్షరాల్లో, చిక్కుముడులు అని ఉంటుంది. ప్రతి పాత్రకూ రెండు చిక్కుముడులు తప్పనిసరి. వాటిలో బల్ల దగ్గరున్న ఇంకో ఆటగాడి పాత్ర ఒకటి, మాస్టారు ఆడించే పాత్ర ఒకటి ఇరుక్కుని ఉండాలి. నా కమ్మరి పిల్లను పదేళ్ల వయసులో వరదలోంచి తీసి పెంచినాయన మా గురువుకు పెద్ద గురుభాయి, అంటే మాకు పెదగురువు. ఇది మొదటిది. రెండోది, మా గురుకులంలోనే చదువుకున్న ఒక భిక్షుణి పాత్రకు నేను చెప్పకుండా దాచిన మాట. గోపాలపట్నంలో ఉండే ఒక టీచరుగారు ఆ భిక్షుణిగా ఆడారు. కథ మొదలవకముందే ఎవరి చేతులు ఎవరికి కట్టేసి ఉన్నాయో ఈ కాగితం చెప్పేస్తుంది.

బల్ల దగ్గర పిలుపులు కూడా దీనికి తోడయ్యాయి. జియాంఘులో పెద్దరికం వయసును బట్టి రాదు, గురువు దగ్గర ఎవరు ముందు చేరితే వాళ్లే పెద్ద. మెడికల్ కాలేజీలో చదివే కుర్రాడి పాత్ర నాకన్నా ముందు చేరింది. బయట నన్ను అక్కా అని పిలిచే ఆ అబ్బాయి, ఆట మొదలవగానే "ఏం చెల్లీ, గురువుగారికి మందు కాచావా?" అని అడిగేవాడు. నలభై దాటిన నేను "కాచానన్నా" అనేదాన్ని. రెండో ఆదివారానికే అది పూర్తిగా సహజమైపోయింది. తర్వాత ఆ అన్న మాట కాదనాల్సిన ఘట్టం వచ్చినప్పుడు నా గొంతు నిజంగానే తగ్గింది. ఇంగ్లీషులో ఆడే బల్లల దగ్గర పేర్లు పెట్టి పిలుచుకుంటారు. అక్కడ ఈ బరువు నాకెప్పుడూ తగల్లేదు.

పోరాటాల సంగతి. ఇక్కడ ద్వంద్వయుద్ధం ఒక్క విసురుతో తేలిపోతుంది. ఆ విసురుకు ముందు చాలాసేపు మాటలుంటాయి: ఎవరు ఏ విద్య ప్రయోగిస్తున్నారు, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎదుటివాళ్లు ఆ అడుగును గుర్తుపట్టారా లేదా. మెడికల్ కాలేజీ కుర్రాడికి ఇది మొదట్లో మింగుడుపడలేదు. అతను డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో మంక్ పాత్ర ఆడి వచ్చాడు. అక్కడ ఆరు సెకన్లకో రౌండు, కీ అనే ప్రాణశక్తిలో ఒక పాయింటు ఖర్చుపెడితే రెండు అదనపు గుద్దులు, అంతా లెక్క ప్రకారం. అలా గళ్ల మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ పోరాడడంలో ఒక ఆనందం ఉంది. అదే కావాలనుకునేవాళ్లకు ఈ కాంపెయిన్ నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఒక్క విసురే బాగుంది, ఎందుకంటే ఆ విసురు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది.

లోయాంగ్ వంతెన మీద జరిగిన ఘట్టం చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. 1053 నుంచి 1059 వరకు కట్టిన రాతి వంతెన అది. త్సాయ్ శియాంగ్ అనే అధికారి కట్టించాడు. పోటుపాట్లకు పునాదులు కదలకుండా రాళ్ల మీద ఆలిచిప్పలు పెంచారు, అవే రాళ్లను పట్టి కరిపించాయి. ఇప్పటికీ నిలిచి ఉంది. మా గురువును అధికారులకు పట్టిచ్చింది పెదగురువేనని ఆ వంతెన మీదే బయటపడింది. కారణం కూడా అక్కడే తెలిసింది. గురువు దాచిన దొంగ సరుకు దొరికితే రేవు పక్కన ఉన్న జాలరిపేట మొత్తాన్ని తగలబెడతామని సైన్యం బెదిరించింది. ఒక ప్రాణం ఇచ్చి ఆయన పేటను కాపాడాడు. గురుహత్యకు ప్రతీకారం శిష్యుల ధర్మం. పెంచిన చేతుల మీద కత్తి ఎత్తడం అధర్మం. పోర్టులో పనిచేసే ఆయన తల పట్టుకుని, "ఏటండీ మాస్టారూ, గురువుని చంపించినోడు గురువే అయితే మనమేటి చేస్తాం?" అన్నారు. మాస్టారు "మీరే చెప్పాలి" అని ఊరుకున్నారు.

పాచికలు నేనే వేశాను. లోహం కలిపి 8 వచ్చింది. గెలిచాను, వెల చెల్లించాలి. వెల ఏమిటో మాస్టారు తనంతట తాను చెప్పకుండా బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ అడిగారు. చివరకు మా అన్న పాత్రే చెప్పింది: ఆయన కత్తి విరిగింది, ప్రాణం పోలేదు, కానీ ఈ రోజు నుంచి నేను ఆ గురుకులం పేరు చెప్పుకోకూడదు, తాను నన్ను చెల్లీ అనకూడదు. ఆ తర్వాత మిగిలిన ఆదివారాలన్నీ ఆ అబ్బాయి నా పాత్రను పేరు పెట్టే పిలిచాడు. ఒక్కసారి కూడా మర్చిపోలేదు. పాచికల ఆటలో ఒక పిలుపు పోవడం ఇంత పెద్ద నష్టంగా ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఇక పురాణాల విషయం. ఈ కాంపెయిన్‌లో దేవతలు ఆకాశంలోంచి ఊడిపడరు. గుళ్లలో ఉంటారు, జనం నమ్మకంలో ఉంటారు. సముద్ర దేవత మాజు గుడి కథలో చాలాసార్లు వస్తుంది. క్రీ.శ. 960లో మెయ్‌జౌ దీవిలో లిన్ మో అనే పేరుతో పుట్టిందని, పడవవాళ్లను కాపాడుతుందని అక్కడివాళ్ల నమ్మకం. ఆమెకు ఇద్దరు సేవకులు. ఒకడి చూపు వెయ్యి కోసుల దాకా పోతుంది, ఇంకొకడు గాలి మోసుకొచ్చే ప్రతి మాటా వింటాడు. మాస్టారు ఆ రెండు విగ్రహాల వెనక గూఢచారుల చీటీలు దాచే చోటు పెట్టారు. నిజంగా అమ్మవారి మహిమో, మనుషుల తెలివో కథ చివరిదాకా తేల్చలేదు. అలా తేల్చకపోవడమే సరైనది.

అన్నిటికన్నా గొప్ప ఆదివారం కైయువాన్ ఆలయానిది. అది బౌద్ధాలయం. అక్కడ 13వ శతాబ్దంలో తమిళ వర్తకులు కట్టుకున్న హిందూ ఆలయపు శిల్పాలున్న స్తంభాలు ఈనాటికీ ఉన్నాయి. ఆ ఊళ్లో 1281 నాటి తమిళ శాసనం కూడా దొరికింది. మన విశాఖను ఒకప్పుడు కులోత్తుంగ చోళ పట్నం అన్నారని ఇక్కడి శాసనాల్లో ఉంది. ఆ కాలపు వర్తకులకు ఇదీ అదీ ఒకే సముద్రపు రేవులు. ఆ చరిత్రంతా మాస్టారు ముందు చెప్పలేదు. మేము రాత్రివేళ సైనికుల నుంచి తప్పించుకుని ప్రధాన మందిరం వెనక దాక్కున్నాం. దీపం పైకెత్తితే స్తంభం మీద ఏం కనిపించిందో మాత్రం వర్ణించారు: ఒళ్లు మనిషిది, తల సింహానిది, తొడల మీద ఒకణ్ని వెల్లకిలా పడుకోబెట్టి గోళ్లతో పొట్ట చీలుస్తున్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లం అందరం విశాఖ వాళ్లం. సింహాచలం మెట్లు ఎక్కనివాళ్లెవరూ లేరు. మా పాత్రలకు మాత్రం ఆయన ఎవరో తెలిసే అవకాశమే లేదు. ఒక్కరు నోరు జారినా ఆ ఘట్టం పాడైపోయేది. ఎవరూ జారలేదు. ప్రతి చందనోత్సవానికీ కొండకు వెళ్లే టీచరుగారే మొదట నోరు విప్పి, తన భిక్షుణి గొంతుతో, "తాతా, ఈయన ఎవరు? దేవుడా, రాక్షసుడా?" అని అడిగారు. గుడి ఊడ్చే ముసలి భిక్షువుగా మాస్టారు, "తెలియదమ్మా. ఎవరో దూరదేశపు వర్తకులు వదిలేసి వెళ్లారు. మేం దుమ్ము తుడుస్తుంటాం, అంతే" అన్నారు. ఆమె భిక్షుణి స్తంభానికి దణ్ణం పెట్టలేదు, పెట్టే కారణమూ లేదు. టీచరుగారు చీర కొంగుతో కాళ్ల దగ్గర దుమ్ము తుడుస్తున్నట్టు చెయ్యి ఆడించి, లేచి నిలబడ్డారు. చైనా కథను చైనా కథగానే ఉంచుతూ విశాఖ వాళ్లకు ఇంత లోతుగా తగిలేలా నడపడం మామూలు విషయం కాదు. ఇందుకోసమైనా ఈ కాంపెయిన్‌ను మెచ్చుకుంటాను.

అదే గుడి పడమటి గోపురం మీద కోతి ముఖం ఉన్న యోధుడి శిల్పం ఒకటుంది, 1237 నాటిది. మెడికల్ కాలేజీ కుర్రాడు మొదటి రోజు సున్ వుకోంగ్ అవుతానని పట్టుబట్టాడు. ఆ కోతిరాజు కథ మనకు తెలిసిన నవల రూపంలో అచ్చయింది 1592లో, మా కథాకాలానికి దాదాపు నలభై ఏళ్ల తర్వాత. అందుకని మాస్టారు అతన్ని సంతల్లో కోతి కథలు ఆడే వేషగాణ్ని చేశారు. గోపురం మీది శిల్పాన్ని చూసి అడుగులు నేర్చుకున్నవాడట. కుర్రాడు కోరినదాని కన్నా మంచిది దొరికింది.

ఇప్పుడు లోపాలు. మాస్టారు చదువుకున్న మనిషి, కానీ కొన్ని చోట్ల తొందరపడి మన పురాణాలతో జత కట్టేస్తారు. చైనావాళ్ల బాలదేవుడు నెజా గురించి చెబుతూ మన నలకూబరుడి దాకా వెళ్లడం సబబే, ఆ దేవుడి మూలం బౌద్ధ గ్రంథాల ద్వారా చైనా చేరిన నలకూబరుడేనని పండితులు చెబుతారు. కానీ చైనా దేవతలకు రాజైన జేడ్ చక్రవర్తిని అచ్చంగా ఇంద్రుడిలా, పదవి పోతుందేమోనని భయపడేవాడిలా ఆడించారు. ఆయన కొలువు పెద్ద కచేరీ, దస్తావేజులు, హోదాలు, నివేదికలతో నడిచేది. ఆ రుచి పోయింది. ఇంకోసారి, బోధిధర్ముడు దక్షిణాది నుంచి కుంగ్‌ఫూ తీసుకెళ్లాడని ఒక పాత్ర చేత ఖాయంగా చెప్పించారు. మనకు వినడానికి గర్వంగా ఉండే మాటే. కానీ షావోలిన్ వ్యాయామాలను ఆయనకు ముడిపెట్టిన గ్రంథం 1624 నాటిదని చరిత్రకారులు తేల్చారు. ఆయన కాలానికీ దానికీ వెయ్యేళ్లకు పైగా దూరం. 1550ల్లోని భిక్షువు నోట ఆ మాట రావడం కుదరదు. నరసింహుడి దగ్గర అంత నిగ్రహం చూపిన మనిషి ఇక్కడ ఎందుకు వదిలేశారో అర్థం కాలేదు.

మాకిచ్చిన కాగితాల మీద ఐదు తత్త్వాల పైన పంచభూతాలు అని అచ్చేశారు. ఇది మార్చాలి. మన పంచభూతాల్లో గాలి, ఆకాశం ఉంటాయి, చెట్టు, లోహం ఉండవు. పైగా చైనావాళ్ల ఐదూ ఒకదాని వెంట ఒకటి నడిచే దశలు. చెట్టు నిప్పును పుట్టిస్తుంది, నిప్పు మన్నును, మన్ను లోహాన్ని, లోహం నీటిని, నీరు మళ్లీ చెట్టును. అణిచే వరస వేరు: నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం చెట్టును నరుకుతుంది, చెట్టు వేళ్లు మన్నును చీలుస్తాయి, మన్ను నీటికి గట్టు కడుతుంది, నీరు నిప్పును ఆర్పుతుంది. ఎదుటివాడి తత్త్వం కనిపెట్టి దాన్ని అణిచే తత్త్వంతో పోరాడేలా ఒక చిన్న నియమం పెడితే ద్వంద్వయుద్ధాలు ఇంకా రక్తి కట్టేవి. ఇంత మంచి సరుకు కాగితం మీదే ఉండిపోయింది.

చైనా పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉన్నాయి. చాంగ్ అని ఒకచోట, జాంగ్ అని ఇంకోచోట చదివి, ఇద్దరు మనుషులనుకుని కొంతకాలం తిరిగాం. పేర్ల పట్టిక ఒకటి బల్ల మీద ఉంచితే చాలు. దసరా తర్వాత కొన్ని వారాలు కథ అధికారుల కుట్రల్లో చిక్కుకుని మెల్లగా నడిచింది. మాటకారులకు బాగానే ఉంది గానీ, తక్కువ మాట్లాడే టీచరుగారికి ఆ రోజుల్లో వంతు సరిగ్గా రాలేదు. మాస్టారు దాన్ని కాస్త ఆలస్యంగా గమనించారు.

ఒక విషయంలో మాత్రం ఆయనకు పూర్తి మార్కులు. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు ఒకటి ఉంటుంది. ఏ సన్నివేశమైనా మనసుకు భరించరానిదైతే దాన్ని తాకితే చాలు, కారణం చెప్పక్కర్లేదు, కథ అక్కణ్నుంచి పక్కకు తిరుగుతుంది. పేట తగలబెడతామని సైన్యం బెదిరించే ఘట్టంలో పిల్లల ప్రస్తావన రాగానే ఒకరు తాకారు. మాస్టారు ఒక్క ప్రశ్న అడగకుండా మరుసటి ఉదయానికి వెళ్లిపోయారు.

చోటు గురించి. మనిషికి రూ. 400, అందులోనే ఒక టీ. మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుందంటారు, బల్ల కదిలేసరికి రెండున్నర అవుతుంది. ఆరు దాటాకే లేస్తారు. మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఏసీ లేదు, రెండు ఫ్యాన్లే. వానాకాలంలో హాయిగా ఉండింది గానీ ఎండాకాలం అదే గదిలో నాలుగు గంటలు కూర్చోవడం కష్టం. కుర్చీలు గట్టివి, చిన్న దిండు తెచ్చుకోండి. టీ బాగుంటుంది, సమోసాలు మాత్రం ఎప్పుడూ చల్లారే ఉంటాయి. బయటి తినుబండారాలకు అభ్యంతరం లేదు కాబట్టి మేము బీచ్ రోడ్డు నుంచి ముంత మసాలా తెచ్చుకునేవాళ్లం. పాత్ర కాగితాల మీద నూనె మరకలు పడితే మాస్టారు చాలా బాధపడతారు, ముందే చెబుతున్నాను.

నాలా షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ప్రతి ఆదివారం కుదరదు. దీనికి ఆయన మంచి ఏర్పాటు చేశారు. రాలేనివాళ్ల పాత్రను ఆన్‌శికి ఇనుము కోసం పంపినట్టో, గుడిలో జపంలో ఉన్నట్టో చెబుతారు, పాత్రకు నష్టం జరగనివ్వరు. ఆ రాత్రే జరిగిన కథంతా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు. బి షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చి, భోజనం చేస్తూ వాటిని వినడం నాకొక అలవాటైపోయింది. ఉక్కునగరం నుంచి సిరిపురం దాకా రావడానికే గంట దాటుతుంది. అయినా వీలున్న ఏ ఆదివారమూ మానలేదు.

ఎవరికి చెబుతానంటే: ఇలాంటి ఆట ముందు ఆడి ఉండక్కర్లేదు. పోర్టాయనకు ఇదే మొదటిది, అందరికన్నా బాగా ఆడింది ఆయనే. ఇంగ్లీషు రానవసరం లేదు, కాగితాలన్నీ తెలుగులోనే. కథలో హత్యలు, ద్రోహాలు ఉంటాయి కాబట్టి పదిహేనేళ్లు దాటిన పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, చిన్నపిల్లల్ని వద్దు. వారం వారం రాలేనివాళ్లు ముందే చెబితే సర్దుబాటు చేస్తారు గానీ, నాలుగు వారాలు ఆడి మానేద్దామనుకునేవాళ్లు చేరకపోవడమే మంచిది. మీ చిక్కుముడిలో ఇంకొకరి పాత్ర ఇరుక్కుని ఉంటుంది, మీరు వెళ్లిపోతే వాళ్ల కథ తెగిపోతుంది.

కొత్త జట్టుకు ఐదు చోట్లే ఉన్నాయి, అందులో ఒకటి నేను తీసేసుకున్నాను. ఈసారి కథ మాజు పుట్టిన దీవిలో మొదలవుతుందట. కెఫే కౌంటర్ దగ్గర పుస్తకంలో పేరు రాయించుకుని అడ్వాన్సుగా ఒక ఆదివారం డబ్బు కట్టాలి. పాత్ర ఎంచుకునే రోజున మీ ఉద్యోగం, మీ ఊరు, మీకు తెలిసిన పని ఏదైనా మాస్టారికి తప్పకుండా చెప్పండి.